ఫీజు కట్టినా ‘బకాయి’ అనే చూపిస్తోంది: యూనివర్సిటీలో యాప్ ముందా, పోర్టళ్లు కలపడం ముందా?

విద్యార్థిసేవల_డెస్క్:

అందరికీ నమస్కారం. 12,000 మంది విద్యార్థులున్న యూనివర్సిటీలో సేవలన్నీ ఆన్‌లైన్‌కి తెచ్చే పని మొదలైంది. ఇప్పుడున్నవి: అడ్మిషన్ల సాఫ్ట్‌వేర్, ఫీజు పోర్టల్, పరీక్షల విభాగం సొంత పోర్టల్, మూడుల్ (పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు నడిచే సైటు), లైబ్రరీది ఇంకొకటి. ఐదింటికీ ఐదు లాగిన్లు. వీటన్నిటి మీదా ఒక మొబైల్ యాప్ చేయించాలన్నది ప్రస్తుత ప్రతిపాదన.

విద్యార్థుల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు ఇవి. ఫీజు కట్టాక కూడా పరీక్ష రిజిస్ట్రేషన్‌లో బకాయి చూపిస్తుంది. ఎలక్టివ్‌లు ఎంచుకునే రోజు ఉదయం 9 గంటలకి సైటు తెరుచుకోదు. అసైన్‌మెంట్ అప్‌లోడ్ సగంలో ఆగిపోతుంది, ఒక్కోసారి ఏ ఎర్రరూ చెప్పకుండా ఫారం ఖాళీగా తిరిగొస్తుంది. మెసేజ్‌లు పంపుతున్నాం కానీ చదివేవాళ్లు తక్కువ.

యాప్‌తో మొదలుపెడితే వీటిలో ఏదైనా తగ్గుతుందా? లేకపోతే ఏది ముందు చెయ్యాలి? వివరాలు ఎంత లోతుగా రాసినా పర్వాలేదు, సిస్టమ్స్ టీమ్ వాళ్లు కూడా ఇది చదువుతారు.

---

డేటా_వంతెన:

యాప్ ఇప్పుడే వద్దండి. మీరు రాసిన నాలుగు ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా యాప్ లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఫీజు పోర్టల్ చెప్పేదొకటి, పరీక్షల పోర్టల్ చెప్పేదొకటి. వాటి మీద యాప్ పెట్టినా అదే తప్పు బకాయిని చూపిస్తుంది, పైగా ఆరో చోటు నుంచి.

ముందు ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఐదు సిస్టమ్‌లు. నిలువుగా పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు, కోర్సు, సెక్షన్, ఫీజు స్థితి, రిజిస్ట్రేషన్ స్థితి. ప్రతి గడిలో ‘రాస్తుంది’ లేదా ‘చదువుతుంది’ అని మాత్రమే వెయ్యండి. ఒకే వరుసలో రెండు చోట్ల ‘రాస్తుంది’ పడితే చిక్కంతా అక్కడే ఉన్నట్టు. మొబైల్ నంబరు వరుస ముందు చూడండి. విద్యార్థి లైబ్రరీలో నంబరు మార్చుకుంటాడు, అడ్మిషన్ల దగ్గర పాతదే ఉంటుంది, ఓటీపీ పాత నంబరుకే పోతుంది. ఒక్కో వివరాన్ని ఒక్క సిస్టమే రాయాలి, మిగతావి దాని దగ్గర నుంచి తీసుకోవాలి. ఎవరు రాయాలన్నది విభాగాధిపతులు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, సాఫ్ట్‌వేర్ వాళ్లు తేల్చలేరు.

తర్వాత ప్రతి విద్యార్థికీ ఎన్నటికీ మారని ఒక నంబరు ఇవ్వండి. రోల్ నంబరునే అందుకు వాడకండి, బ్రాంచ్ మారితే అది మారుతుంది. ఈమెయిల్ వద్దు, పేరులో అక్షరం సరిదిద్దితే అదీ మారుతుంది. మొబైల్ నంబరు అసలే వద్దు. ఈ శాశ్వత నంబరుకి ఏ అర్థమూ ఉండకూడదు. సంవత్సరం, కోర్సు కోడ్ లాంటివి అందులో ఇరికిస్తే ఎప్పుడో ఒకప్పుడు దాన్నీ మార్చాల్సి వస్తుంది.

ఇక ఒకే లాగిన్. ఒక్క లాగిన్‌తో అన్ని సైట్లూ తెరిచే పద్ధతుల్లో సామల్ 2.0 గానీ ఓపెన్‌ఐడీ కనెక్ట్ గానీ, మీ ఐదు సిస్టమ్‌లూ ఏది ఒప్పుకుంటే అది. పెట్టాక ఇబ్బంది పెట్టేవి మూడు. మొదటిది గడియారం: సామల్‌లో లాగిన్ చీటీకి కొద్ది నిమిషాల గడువే ఉంటుంది, సర్వర్ల టైము అంతకంటే తేడా ఉంటే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. అన్ని సర్వర్లకీ, టైము ఒకేలా ఉంచే ఎన్‌టీపీ పెట్టండి. రెండోది, లాగిన్ చీటీ మీద డిజిటల్ సంతకానికి వాడే సర్టిఫికెట్ గడువు. అది తీరిన క్షణాన ఐదు సిస్టమ్‌లూ ఒకేసారి మూసుకుపోవచ్చు, అందుకని 60 రోజుల ముందే ఇద్దరు మనుషుల క్యాలెండర్లో గుర్తు పెట్టండి. మూడోది లాగౌట్, దీన్ని చాలామంది పట్టించుకోరు. ల్యాబ్ కంప్యూటర్లో విద్యార్థి మూడుల్ నుంచి లాగౌట్ అయినా, అసలు లాగిన్ సర్వర్ దగ్గర సెషన్ బతికే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాళ్లు ‘లాగిన్’ నొక్కితే పాస్‌వర్డ్ అడక్కుండా పాత విద్యార్థి ఖాతా తెరుచుకుంటుంది. ల్యాబ్‌లలో బ్రౌజర్ మూస్తే అన్నీ చెరిగిపోయేలా సెట్ చెయ్యండి.

ఇప్పుడు ఫీజు సంగతి. రెండు వేర్వేరు లోపాలు ఇక్కడ ఒకే ఫిర్యాదుగా వస్తాయి, విడదీసి చూడాలి.

మొదటిది, డబ్బు కట్టిన సంగతి ఫీజు పోర్టల్‌కే తెలియకపోవడం. విద్యార్థి బ్యాంకు పేజీలో డబ్బు కట్టి, వెనక్కి తిరిగొచ్చేలోపే ట్యాబ్ మూసేస్తాడు, లేదా నెట్ పోతుంది. మీ పోర్టల్ ఆ బ్రౌజర్ తిరిగిరావడం మీదే ఆధారపడితే డబ్బు పోయినట్టు ఉంటుంది, రసీదు ఉండదు. గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపు నడిపే సంస్థ) మీ సర్వర్‌కి నేరుగా పంపే కబురునే నమ్మాలి, అది కూడా దాని డిజిటల్ సంతకం సరిచూశాకే. ఆ కబురు రెండుసార్లు రావచ్చు, కాబట్టి ఆర్డర్ నంబరు ఒకటే అయితే రెండో దాన్ని మళ్లీ జమ చెయ్యకూడదు. అసలు రాకపోవచ్చు కూడా. అందుకే తేలకుండా ఉన్న ప్రతి ఆర్డర్ గురించీ 5, 15, 60 నిమిషాలకి గేట్‌వేని మీరే అడగాలి. ఈలోపు పేజీ మీద ‘విఫలమైంది’ అని రాయకండి, అది చూసి రెండోసారి కడతారు. ‘చెల్లింపు సరిచూస్తున్నాం, మళ్లీ కట్టకండి’ అని, ఎప్పటిలోగా తేలుతుందో రాయండి.

రెండోది, ఫీజు పోర్టల్‌కి తెలిసినా పరీక్షల విభాగానికి చేరకపోవడం. సాధారణంగా రాత్రి, కామాలతో విడదీసిన పట్టికగా, ఒక సీఎస్‌వీ ఫైల్ వెళ్తుంది. మధ్యలో ఎవరైనా దాన్ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 00417 అన్న నంబరు 417 అయిపోతుంది, 15 అంకెలు దాటిన నంబర్లలో చివరి అంకెలు సున్నాలవుతాయి, 03/04 అన్న తేదీలో రోజూ నెలా తారుమారు కావచ్చు. ఆ వరుసలు ఎవరితోనూ కలవవు, అంతమందికీ బకాయి పడుతుంది. దిగుమతి చేసే ప్రోగ్రాం కలవని వరుసలను వదిలేసి ముందుకు పోకూడదు. వాటిని విడిగా పెట్టి, ‘ఇన్ని వచ్చాయి, ఇన్ని కలిశాయి, ఇన్ని మిగిలాయి’ అని ఉదయానికల్లా ఒక మనిషికి చూపించాలి.

---

లోడ్‌టెస్ట్_గది:

9 గంటల సంగతి నేను రాస్తాను. లెక్క వేస్తే ఎందుకు పడిపోతుందో తెలిసిపోతుంది.

12,000 మందిలో 60 శాతం మొదటి 5 నిమిషాల్లో వస్తారనుకోండి. 7,200 మంది, 300 సెకన్లు, అంటే సెకనుకి 24 మంది. లాగిన్ నుంచి చివరి కన్ఫర్మ్ దాకా ఒక్కొక్కరు సర్వర్‌ని 10 సార్లు తట్టినా సెకనుకి 240 అభ్యర్థనలు. ఒక్కోటీ 0.2 సెకన్లలో తెమిలితే ఏ క్షణాన చూసినా లోపల 48 ఉంటాయి, ఏ ఇబ్బందీ లేదు. అదే డేటాబేస్ నెమ్మదించి ఒక్కోటీ 2 సెకన్లు తీసుకుంటే 480. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో, పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్‌గా ఒకేసారి 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్‌లో 151. పీహెచ్‌పీ–ఎఫ్‌పీఎం మ్యాక్స్ చిల్డ్రన్ (సైటు పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ఒకేసారి నడిపే పనుల సంఖ్య) డిఫాల్ట్ అయితే 5 మాత్రమే. గోడ ఎక్కడుందో అదీ. పైగా పేజీ రాకపోతే అందరూ రిఫ్రెష్ కొడతారు. పాత అభ్యర్థన లోపల నడుస్తూనే ఉంటుంది, దాని మీద కొత్తది వచ్చి పడుతుంది.

అసలు నెమ్మదించేది ఎందుకంటే, చాలా చోట్ల ‘మిగిలిన సీట్లు’ అనేది ఒకే వరుసలో ఒకే అంకె. అందరికీ కావలసిన ఎలక్టివ్ ఒకటుంటే వేలమంది అదే వరుసని మార్చడానికి ఒకరి వెనక ఒకరు నిలబడతారు. ఇక్కడ వెబ్ సర్వర్లు పెంచితే మేలు జరగదు, కీడు జరుగుతుంది: ఒక్కో కొత్త సర్వరూ అదే డేటాబేస్‌కి మరికొన్ని కనెక్షన్లు తెరుస్తుంది, ఆ వరుస దగ్గర గుంపు ఇంకా పెరుగుతుంది.

సర్వర్ల మీద ఖర్చు పెట్టకముందు చేయదగ్గవి రెండున్నాయి. బ్యాచ్‌కి 2,000 మంది చొప్పున గంటకో బ్యాచ్ తెరవండి. అదే లెక్కలో సెకనుకి 4 మంది, 40 అభ్యర్థనలు. ఒక్కోటీ 2 సెకన్లు పట్టినా లోపల 80 దాటవు. ప్రతి బ్యాచ్‌కీ ప్రతి సబ్జెక్టులో కొన్ని సీట్లు విడిగా అట్టిపెట్టడం మరిచిపోకండి, లేకపోతే ఆఖరి బ్యాచ్‌కి అన్యాయం జరుగుతుంది.

రెండోది నాకు ఇంకా నచ్చిన పద్ధతి. ముందొచ్చినవాళ్లకి ముందు అన్న నియమాన్నే తీసేయండి. మూడు రోజులు తెరిచి పెట్టి, ప్రతి ఒక్కరూ ఐదు ఎంపికలు వరసగా ఇవ్వమనండి. గడువు ముగిశాక మార్కులో, లాటరీయో, ముందే ప్రకటించిన నియమం ప్రకారం ప్రోగ్రామే కేటాయిస్తుంది. పరుగు పందెం ఉండదు. సిగ్నల్ సరిగా రాని చోట ఉన్న విద్యార్థికీ, ఫైబర్ కనెక్షన్ ఉన్న విద్యార్థికీ ఒకే అవకాశం. ఎలక్టివ్ అంటే నాలుగైదు నెలల చదువు. అది నెట్ వేగం మీద తేలడం నా దృష్టిలో సర్వర్ పడిపోవడం కంటే పెద్ద తప్పు.

లోడ్ టెస్ట్ (ఉత్తుత్తి రద్దీ పంపి సర్వర్‌ని పరీక్షించడం) చేస్తే హోమ్ పేజీ మీద చెయ్యకండి. అది క్యాష్ (ముందే దాచిన కాపీ) నుంచి వచ్చేస్తుంది, ఎంత లోడ్ వేసినా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. జేమీటర్ గానీ కే6 గానీ (రెండూ లోడ్ టెస్ట్ సాధనాలు) తీసుకుని లాగిన్, జాబితా, ఎంపిక, కన్ఫర్మ్ మొత్తం దారి నడిపించండి. అందరినీ ఒకే సబ్జెక్టు మీదికి తోలండి. లెక్కలో వచ్చిన లోడ్‌కి రెట్టింపు వెయ్యండి.

మూడుల్ ఆన్‌లైన్ క్విజ్‌లకి కూడా ఇదే వర్తిస్తుంది. సెషన్లు రెడిస్‌లో (డేటాను మెమరీలో ఉంచే వేగమైన నిల్వ) పెట్టండి. క్రాన్ (నిర్ణీత వేళకి తనంతట తానే పనులు చేసే ప్రోగ్రాం) నిమిషానికోసారి నడవాలి. సమయం అయిపోయాక విద్యార్థి బ్రౌజర్ మూసేసి ఉంటే జవాబులను సబ్మిట్ చేసేది క్రానే, అది ఆగిపోతే ఆ జవాబు పత్రాలు ‘నడుస్తోంది’ అన్న స్థితిలోనే ఉండిపోతాయి. కోర్సుల ఆటోమేటిక్ బ్యాకప్ పరీక్ష వేళకి తగలకుండా చూసుకోండి.

---

అప్‌లోడ్_సాయం:

ఫారం ఖాళీగా తిరిగొస్తోందన్నారు కదా, అది చాలావరకు పీహెచ్‌పీలో పోస్ట్ మ్యాక్స్ సైజ్ దాటడమే. దాని డిఫాల్ట్ 8 ఎంబీ. అది దాటితే పీహెచ్‌పీ ఫారంలో వచ్చిన మొత్తాన్నీ పారేస్తుంది, ఫైల్ ఒక్కటే కాదు. అందుకే ఏ ఎర్రరూ కనపడదు.

ఫైల్ దాటాల్సిన గుమ్మాలు ఇవి: వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్, డిఫాల్ట్ 1 ఎంబీ, దాటితే 413 అన్న ఎర్రర్ వస్తుంది. పీహెచ్‌పీలో అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, డిఫాల్ట్ 2 ఎంబీ. తర్వాత పైన చెప్పిన 8. ఆ తర్వాత మూడుల్‌లో సైటు పరిమితి, కోర్సు పరిమితి, ఆ అసైన్‌మెంట్ పరిమితి. వీటిలో ఏది చిన్నదైతే అదే చెల్లుతుంది. ముందు లోడ్ బ్యాలెన్సర్ (అభ్యర్థనలను సర్వర్లకి పంచేది) ఉంటే దాని టైమౌట్ కూడా చూడండి, సగంలో ఆగేది దాని వల్లే కావచ్చు.

పరిమితి పెంచి ఊరుకుంటే సరిపోదు. చేత్తో రాసిన 20 పేజీలను ఫోన్ కెమెరాతో తీస్తే ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకున్నా 80 ఎంబీ. అప్‌లోడ్ వేగం 1 ఎంబీపీఎస్ ఉంటే 640 సెకన్లు, దాదాపు 11 నిమిషాలు. అన్నిసేపు సిగ్నల్ నిలవాలి. అవే పేజీలను స్కానర్ యాప్‌లో గ్రేస్కేల్, 150 డీపీఐలో తీస్తే ఏ4 పేజీ 1240 × 1754 పిక్సెళ్లు వస్తుంది, చేతిరాత హాయిగా చదవొచ్చు. మొత్తం 5 ఎంబీకి అటూ ఇటూగా తేలుతుంది, 40 సెకన్ల పని. ఈ సెట్టింగ్‌ను అసైన్‌మెంట్ పేజీలోనే, అప్‌లోడ్ బటన్ పైన రెండు లైన్లలో రాయండి. యూజర్ మాన్యువల్‌లో పెడితే ఎవరికీ కనపడదు.

గడువు విషయంలో ‘14వ తేదీ రాత్రి 12’ అని రాయడం మానండి. 13 రాత్రా, 14 రాత్రా అని సగం మందికి సందేహమే. నన్నడిగితే అర్ధరాత్రి గడువే వద్దు, సాయంత్రం 5 పెట్టండి, ఏదైనా ఆగిపోతే ఫోనెత్తే మనిషి ఉంటాడు. మూడుల్‌లో డ్యూ డేట్, కటాఫ్ డేట్ రెండూ వేరు: మొదటిది దాటితే ‘ఆలస్యం’ అని గుర్తు పడుతుంది కానీ తీసుకుంటుంది, రెండోది దాటితే తీసుకోదు. రెండింటి మధ్య ఒక రోజు ఉంచితే నెట్ పోయిన కేసులన్నీ మెయిళ్లు లేకుండానే తేలిపోతాయి.

ఇంకొకటి. ‘సబ్మిట్ బటన్ నొక్కాలి’ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, ఫైల్ ఎక్కినా అది డ్రాఫ్ట్‌గానే ఉంటుంది. విద్యార్థి ఇచ్చేశాననుకుంటాడు, అధ్యాపకుడికి ఇవ్వలేదని కనిపిస్తుంది. అవసరం లేకపోతే ఆ సెట్టింగ్ ఆపెయ్యండి.

---

వినే_తెర:

మెసేజ్‌లు ఎందుకు చదవరో చెప్తాను. ఇంగ్లిష్ అక్షరాల ఎస్‌ఎంఎస్‌లో 160 పడతాయి, తెలుగులో ఒక్క అక్షరం వచ్చినా పరిమితి 70కి పడిపోతుంది. అది దాటితే ముక్కకి 67 చొప్పున విడిపోతుంది. పైగా ఆ లెక్క మనం చూసే అక్షరాలది కాదు. ‘పరీక్ష’ కంటికి మూడు అక్షరాలు, ఎస్‌ఎంఎస్ లెక్కలో ఆరు: ప, ర, గుడి దీర్ఘం, క, పొల్లు, ష.

‘ప్రియమైన విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా’ అన్న ఒక్క మొదలుకే 41 ఖర్చవుతాయి. ఫోన్ మూసి ఉన్నప్పుడు తెర మీద కనిపించేది ఆ ముక్కే, విషయం లోపలెక్కడో ఉంటుంది. దాని బదులు: ‘పరీక్ష ఫీజు చివరి తేదీ 14 సోమ, సాయంత్రం 5. పోర్టల్‌లో కట్టండి.’ ఇది 62, ఒక్క మెసేజ్‌లో సరిపోతుంది. (‘పోర్టల్‌లో’ మధ్యన కంటికి కనపడని విడదీత గుర్తు కూడా ఒకటిగా లెక్కకొస్తుంది.) ఆ ఫీజు అప్పటికే కట్టినవాళ్లకి ఇది పంపకండి. తమకి వర్తించని మెసేజ్‌లు నాలుగొస్తే ఐదోది ఎవరూ తెరవరు.

చూపు లేని విద్యార్థుల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను, పోర్టళ్లు కలిపేటప్పుడే ఇది చెయ్యాలి, తర్వాత అతికితే అతకదు. స్కాన్ చేసిన సర్క్యులర్ పీడీఎఫ్ అంటే ఒట్టి బొమ్మ, తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క మాటా వినపడదు. టైమ్‌టేబుల్‌ని ఫొటోగా పెట్టినా అంతే. టైపు చేసిన పాఠంగా, నిజమైన పట్టికగా పెట్టండి. 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2ని (అందరూ వాడగలిగేలా వెబ్‌సైట్లు చేయడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు) టెండర్లోనే షరతుగా రాయండి, ఏఏ స్థాయి. అందులో మీకు వెంటనే తగిలేవి: మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలి, నొక్కే చోటు కనీసం 24 × 24 పిక్సెళ్లు ఉండాలి, సెషన్ ముగిసేముందు హెచ్చరించి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. పాస్‌వర్డ్, ఓటీపీ గడుల్లో పేస్ట్ చెయ్యనివ్వకపోవడం కూడా పొరపాటే. వంకర అక్షరాల క్యాప్చా ఒక్కటే దారిగా పెడితే కొందరికి లాగిన్ అక్కడితో ఆఖరు.

క్విజ్‌లో అదనపు సమయం ఇవ్వాల్సిన విద్యార్థులకి మూడుల్‌లో యూజర్ ఓవర్‌రైడ్ (ఒక్కరికే వేరే సమయం పెట్టే సెట్టింగ్) ఉంది. పరీక్ష రోజు ఉదయం వాళ్లొచ్చి అడిగేదాకా ఆగకండి, సెమిస్టర్ మొదట్లోనే గ్రూపు చేసి గ్రూప్ ఓవర్‌రైడ్ పెట్టెయ్యండి.

---

విద్యార్థిసేవల_డెస్క్:

అందరికీ ధన్యవాదాలు. యాప్ ప్రతిపాదన వెనక్కి పెట్టమని నోట్ రాస్తున్నాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఫీజు, పరీక్షల పోర్టళ్లు నేరుగా మాట్లాడుకోవడానికి ఆరు నెలలు పడుతుందంటున్నారు, ఈలోపు ఒక పరీక్ష రిజిస్ట్రేషన్ ఉంది. అప్పటిదాకా ఏం చెయ్యాలి? కొలిచేది దేన్ని?

---

డేటా_వంతెన:

ముందు కొలత. లాగిన్ల సంఖ్య, డౌన్‌లోడ్ల సంఖ్య కొలవకండి. పని కాక పదిసార్లు లాగిన్ అయిన విద్యార్థి కూడా ఆ అంకెని పెంచుతాడు. అలాగే మూడుల్‌లో తక్కువ కనిపించాడని చదవట్లేదని రాసెయ్యకండి, ఒక్కసారే పీడీఎఫ్‌లన్నీ దించుకుని నెట్ లేకుండా చదువుకుంటూ ఉండొచ్చు. కొలవాల్సినవి: డబ్బు కట్టిన నిమిషం నుంచి పరీక్షల పోర్టల్‌లో ‘చెల్లించారు’ అని పడేదాకా ఎంతసేపు (సగటు చూడకండి, ఎక్కువసేపు పట్టిన 5 శాతం చూడండి), మొదలుపెట్టిన అప్‌లోడ్లలో ఎన్ని పూర్తయ్యాయి, కౌంటర్ దగ్గర ఒకే ప్రశ్న వారానికి ఎన్నిసార్లు వస్తోంది. వీటిని పని మొదలుపెట్టకముందే ఒకసారి రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. దాంతోపాటు ఐదుగురు విద్యార్థులని వాళ్ల ఫోన్లతోనే కూర్చోబెట్టి ‘రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు చెయ్యండి’ అనండి. పక్కన కూర్చుని సాయం చెయ్యకుండా చూడండి. ఎక్కడ వేలు ఆగిందో రాసుకోండి.

ఈ ఆరు నెలలకి: రాత్రి వెళ్లే ఫైల్‌ని రిజిస్ట్రేషన్ రోజుల్లో గంటకోసారి పంపండి. ఆ ఫైల్ సర్వర్ నుంచి సర్వర్‌కే వెళ్లాలి, ఎవరి ఎక్సెల్‌లోనూ తెరవకూడదు. పరీక్షల పోర్టల్‌లో బకాయి పక్కనే ‘ఈ వివరం ఉదయం 11:00 వరకు అందినది’ అని టైము వేయించండి. 11:20కి కట్టిన విద్యార్థికి అది చూస్తే విషయం అర్థమవుతుంది, కౌంటర్‌కి పరుగెత్తడు.

అన్నిటికంటే ముఖ్యం, బకాయి ఉందని సిస్టమ్ తనంతట తాను రిజిస్ట్రేషన్ ఆపకూడదు. రిజిస్ట్రేషన్ తీసుకుని ‘ఫీజు సరిచూడాలి’ అన్న గుర్తుతో ఉంచండి. హాల్ టికెట్ ఇచ్చేముందు ఒక్కసారి సరిచూడండి. ఆలస్య రుసుము డబ్బు కట్టిన తేదీని బట్టి వెయ్యాలి, పరీక్షల పోర్టల్‌కి చేరిన తేదీని బట్టి కాదు. ఇది సాఫ్ట్‌వేర్ మార్పు కాదు, ఒక ఆఫీసు ఉత్తర్వు. దాని కోసం ఆరు నెలలు ఆగక్కర్లేదు, వచ్చే రిజిస్ట్రేషన్ నోటిఫికేషన్‌లోనే ఈ వాక్యం పెట్టించండి.